మాస్కో వెళ్తున్న గాజువాక అమ్మాయికి

ప్రశ్న:

మాస్టారూ, నమస్కారం. మాది గాజువాక. ఈ ఏడాదే డిగ్రీ పూర్తయింది. మాస్కోలో ఒక యూనివర్సిటీలో రష్యన్ భాష నేర్పే ఏడాది కోర్సులో సీటు వచ్చింది. అది పాసైతే అక్కడే ఎంఏ చేయాలని ఉంది. ఆగస్టు చివర్లో ప్రయాణం. ఇప్పటిదాకా నేను ఒక్కదాన్నే వెళ్లిన దూరం హైదరాబాద్, అదీ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో. విమానం ఎప్పుడూ ఎక్కలేదు. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, ఆయనకి సంతోషమే. అమ్మకే టెన్షన్. చుట్టాలేమో "ఆ భాష నేర్చుకుని ఏం చేస్తావే, ఐఈఎల్‌టీఎస్ రాసి కెనడా పోవచ్చుగా" అంటున్నారు. యూట్యూబ్ చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఆరు విభక్తులు ఉంటాయనగానే గుండె జారిపోయింది. తీరా అక్కడికి వెళ్లాక నోరు పెగలకపోతే ఎలా? ఉన్న ఈ రెండు మూడు నెలల్లో ఏం చదవాలి? డబ్బు ఎలా పట్టుకెళ్లాలి, ఏం సర్దుకోవాలి? అమ్మకి ఏం చెప్పి ఒప్పించాలి?

— ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం:

అమ్మా,

నీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద భయం నోరు పెగలదేమోనని. దాని గురించి మరీ దిగులు పడకు. గది తాళం పోయినప్పుడు, దిగాల్సిన స్టాప్ దాటిపోతున్నప్పుడు నోరు దానంతట అదే పెగులుతుంది. నా దగ్గర చదువుకుని వెళ్లిన పిల్లల్లో మాట రాక అవస్థ పడినవాళ్లు కొద్దిమందే. ఏడాదంతా మాస్కోలో ఉండి, రష్యన్ మాట్లాడే అవసరమే పడకుండా వచ్చేసినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. గదిలో తెలుగు, కారిడార్‌లో హిందీ. ఆఫీసు పనులకి సీనియర్ వెంట వచ్చి మాట్లాడిపెడతాడు. షాపులో ఫోనే అనువాదం చేసిపెడుతుంది. సాయంత్రమైతే ఇంటికి ఫోన్, ఆ తర్వాత ఓటీటీలో తెలుగు సినిమా. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా జూన్ వచ్చేస్తుంది. నీకు రావాల్సిన టెన్షన్ ఏదైనా ఉంటే అది దీని గురించి రావాలి.

అందుకని నేను చెప్పేవన్నీ ఒకే లెక్క మీద చెబుతాను. ఇంట్లో కూర్చుని పూర్తి చేయగల పనులన్నీ ఇక్కడే పూర్తి చేసేయ్. అక్కడి గంటలు మనుషులతో మాట్లాడడానికి మిగలాలి.

ముందు భాష సంగతి. అక్షరాలు నేర్చుకున్నానన్నావు. అవి అచ్చు అక్షరాలే అయ్యుంటాయి. చేతిరాత నేర్చుకున్నావా? రష్యన్ టీచర్లు బోర్డు మీద కలిపి రాస్తారు, నీ చేతా అలాగే రాయిస్తారు. చేతిరాతలో వాళ్ల 'త' ఇంగ్లీషు చిన్న ఎమ్‌లా ఉంటుంది. 'ద' చూస్తే జీ అనుకుంటాం, 'ప' చూస్తే ఎన్ అనుకుంటాం, 'ఇ' అయితే అచ్చం యూ. ఇది తెలియకుండా వెళ్లినవాళ్లకి మొదటి నెలంతా బోర్డు మీద ఏముందో గుర్తుపట్టడానికే సరిపోతుంది. పక్కనున్న చైనా అమ్మాయి పాఠం వింటుంటే మనం అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటాం. ఒక నాలుగు గీతల కాపీ పుస్తకం కొనుక్కుని ఒకటో తరగతి పిల్లలా రోజూ ఒక పేజీ దిద్దు. గుణింతాలూ ఒత్తులూ దిద్ది పెరిగిన చేతికి 33 అక్షరాలు ఒక లెక్కా?

రెండోది ఉచ్చారణ. దీన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకు, తెలుగు మీదుగా నేర్చుకో. మనవాళ్లు యూట్యూబ్‌లో ఇంగ్లీషు లిపి చూసి నేర్చుకుని, రష్యన్ మాటల్లో ట, డ పలుకుతారు. రష్యన్‌లో ఉన్నవి మన త, ద. నాలుక పళ్లకు తగలాలి. 'ర' మన రకారమే, కాస్త గట్టిగా. ఇంకొకటి చెప్తాను, ఇది తెలుగువాళ్లకే చెప్పగలిగిన చిట్కా. 'చాలు', 'చలి' అన్నప్పుడు పలికే చ వేరు, 'చిలక' అన్నప్పుడు పలికే చ వేరు కదా. రష్యన్‌లో ఈ రెండింటికీ రెండు వేరు వేరు అక్షరాలున్నాయి. ఢిల్లీ పిల్లలు మొదటి దాని దగ్గర తడబడతారు, నువ్వు పుట్టినప్పటి నుంచీ పలుకుతున్నావు. మనకు లేనివీ ఉన్నాయి. నాలుకను వెనక్కి లాగి పలికే ఒక రకం 'ఇ', హల్లుల్లో కఠినం, మృదువు అన్న తేడా, నాలుగైదు హల్లులు వరసగా వచ్చిపడే మాటలు. వీటిని వినీ వినీ పట్టుకోవాల్సిందే.

మనకి అలవాటు లేనిది ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. తెలుగులో రాసింది రాసినట్టు చదువుతాం. రష్యన్‌లో ఊనిక లేని చోట 'ఒ' కాస్తా 'అ' అయిపోతుంది. పాలను 'మొలొకొ' అన్నట్టు రాస్తారు, 'మలకో' అంటారు. ఆ ఊనిక ఏ అక్షరం మీద పడుతుందో మామూలు పుస్తకాల్లో గుర్తు పెట్టరు. అందుకే కొత్త మాటను కంటితో కాకుండా చెవితో మొదలుపెట్టు. ముందు విను, తర్వాత పలుకు, ఆ తర్వాతే రాయి.

ఇప్పుడు నీ గుండె జారించిన విభక్తుల దగ్గరికి వద్దాం. ఆరే కదమ్మా! పెద్ద బాలశిక్షలో డు, ము, వు, లు దగ్గర మొదలుపెట్టి సంబోధనతో కలిపి ఎనిమిది ఎక్కించారు మనకి. 'మాస్కోలో', 'మాస్కోకి', 'మాస్కో నుంచి' అన్నప్పుడు నువ్వు చేస్తున్న పనే అది. వాళ్లు మాట చివరను మార్చి, ముందు ఒక చిన్న ముక్క చేరుస్తారు. వ్ మస్క్‌వ్యే అంటే మాస్కోలో, వ్ మస్క్‌వూ అంటే మాస్కోకి. మన ఊరి పేరునూ వదలరు. విశాఖపట్నంలో అనాలంటే దానికీ చివర ఒక 'యె' తగిలించి తీరతారు. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడు ఈ పద్ధతిని ఊహించుకోవడానికే అవస్థ పడతాడు. నీకు ఊహ ఉంది, ప్రత్యయాలు తెలియవు, అంతే తేడా. కష్టం ఎక్కడంటే, మూడు లింగాలకూ ప్రత్యయాలు వేరు, విశేషణం కూడా నామవాచకం వెంట మారుతుంది. అది బట్టీ పడితే రాదు, వాక్యాల్లో వాడగా వాడగా వస్తుంది. పట్టికలు గోడకి అంటించుకుని భయపడే కంటే, ఒక్కో విభక్తిలో పది వాక్యాలు నోటికి వచ్చేలా చేసుకో.

ఇంకా చూడు. 'ఇది పుస్తకం' అన్న వాక్యంలో మనకు క్రియ లేదు. రష్యన్‌లోనూ లేదు, 'ఎతా క్నీగ' అంటే సరిపోయింది. 'నా దగ్గర పుస్తకం ఉంది' అంటాం, వాళ్లూ సరిగ్గా అలాగే అంటారు, కలిగి ఉండడానికి ఇంగ్లీషులో లాంటి క్రియ వెతుక్కోరు. 'నాకు చలిగా ఉంది', 'నాకు నచ్చింది'. ఇక్కడ మన 'నాకు' ఎలా వస్తుందో వాళ్ల చతుర్థీ విభక్తి అలాగే వస్తుంది. నువ్వు, మీరు తేడా ఉంది. ఏ, యాన్, ద లాంటివి లేవు. 'చదివాను', 'చదివేశాను' మధ్య తేడా నీకు చెవిలోనే తెలుసు కదా. రష్యన్ క్రియలన్నీ దాదాపు జంటలుగా ఉంటాయి, ఒకటి పని జరిగిందనడానికి, ఇంకొకటి పూర్తయిపోయిందనడానికి. అన్ని చోట్లా అచ్చుగుద్దినట్టు సరిపోదు గానీ, మొదట అడుగు వేయడానికి ఈ ఆసరా చాలు. కాబట్టి నోట్సులో అర్థాలు తెలుగులో రాసుకో. ఇంగ్లీషులో రాసుకుంటే మధ్యలో అనవసరంగా ఒక మెట్టు ఎక్కి దిగుతావు.

మనకు ఏ ఆసరా దొరకనిది వెళ్లడం, రావడం అనే క్రియల దగ్గర. నడిచి వెళ్తే ఒక క్రియ, బండి మీద వెళ్తే ఇంకొకటి. ఒకసారి వెళ్తున్నావా, రోజూ వెళ్లొస్తుంటావా అన్నదాన్ని బట్టి అవి మళ్లీ మారతాయి. వాటిని ఇప్పుడే ముట్టుకోకు. టీచర్ చెప్పినప్పుడు నేర్చుకోవచ్చు.

ఎంత నేర్చుకుని వెళ్లాలి అని అడుగుతావేమో. రష్యన్‌ను పరాయి భాషగా నేర్చుకునేవాళ్లకి అక్కడ ప్రభుత్వ పరీక్షలున్నాయి. అన్నిటికన్నా కింది మెట్టుకు సుమారు 780 మాటలు, దాని పైదానికి 1,300, యూనివర్సిటీలో చేరడానికి సాధారణంగా అడిగే 'మొదటి స్థాయి'కి 2,300 మాటలు కావాలని లెక్క కట్టారు. ఈ మొదటి స్థాయినే యూరప్ లెక్కలో బీ1 అంటారు. నీ ఏడాది కోర్సు, అంటే అక్కడి పిల్లలు 'పద్‌ఫాక్' అని పిలిచే కోర్సు, నిన్ను తీసుకెళ్లి నిలబెట్టేది అక్కడే. పరీక్షలో వ్యాకరణం, చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని ఐదు భాగాలుంటాయి. వ్యాకరణంలో నూటికి నూరు తెచ్చుకుని మాట్లాడడంలో చతికిలబడితే గట్టెక్కలేవు. రోజుకు పది మాటలు నేర్చుకున్నా రెండున్నర నెలల్లో మొదటి మెట్టు మాటలు నీ దగ్గరుంటాయి. అంతకు మించి అక్కర్లేదు. అంకెలు మాత్రం వినగానే తట్టేలా సాధన చేయి. ధరలు, గది నంబర్లు, బస్సు నంబర్లు, ఫోన్ నంబర్లు ఎవరూ నీ కోసం నిదానంగా చెప్పరు. షాపులో కౌంటర్ దగ్గర నువ్వు మొట్టమొదట వినబోయే మాట 'పకేత్ నూజెన్?' అని. కవర్ కావాలా అని అడుగుతోంది. దానికి కంగారుపడి అందరూ తలూపేస్తారు, డబ్బు పెట్టి కవర్ కొనుక్కుంటారు.

ఆన్‌లైన్‌లో టీచర్ కావాలంటే చెన్నైలోని రష్యన్ హౌస్‌లో భాషా తరగతులు ఉంటాయి, కనుక్కో. హైదరాబాద్‌లోని భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో రష్యన్ విభాగం ఉంది. అక్కడ చదివే పిల్లలెవరైనా వారానికి రెండు గంటలు మాట్లాడిపెడితే నీకు లాభం, వాళ్లకీ పాకెట్ మనీ.

చుట్టాల ప్రశ్నకు ఎక్కువసేపు ఖర్చు పెట్టను. ఆర్కే బీచ్‌లో వాళ్లు సెల్ఫీలు దిగే కురుసుర సబ్‌మెరైన్ సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నేవీలో చేరింది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. దాని ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం కూడా అక్కడిదే. మీ నాన్నగారికి జీతమిచ్చిన స్టీల్ ప్లాంట్‌కి 1979లో సోవియట్ సహకారంతో ఒప్పందం కుదిరింది. ప్లాంట్ కడుతున్న రోజుల్లో ఆ దేశపు నిపుణులు ఇక్కడ పనిచేశారు. నాన్నగారిని కదిపి చూడు, రెండు మాటలైనా ఆయన చెవిలో ఉండకపోవు. మా తరం వాళ్లం మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్రలో చవగ్గా కొనుక్కుని పెరిగాం. వాటిని అనువాదం చేయడానికి ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటి వాళ్లు మాస్కో వెళ్లి ఏళ్ల తరబడి ఉన్నారు. ఈ ఊరికి ఆ భాష కొత్తదేం కాదు.

అయితే చుట్టాలు అడిగినదాంట్లో ఒక ముక్క నిజం ఉంది. రష్యన్ ఒక్కటే చేతిలో పెట్టుకుని ఉద్యోగం అడిగితే దొరకడం కష్టం. దానికి ఇంకొకటి జోడించాలి. ఫార్మా కాగితాలు, టెక్నికల్ అనువాదం, రక్షణ రంగం, లేదా పాఠాలు చెప్పడం. ఎంఏలో ఏ సబ్జెక్టు తీసుకోవాలన్నది ఈ ఏడాదిలో ఆలోచించు. ఇప్పుడే తేల్చనక్కర్లేదు.

ఇక కాగితాలు. మన రాష్ట్రం చెన్నైలోని రష్యా కాన్సులేట్ పరిధిలో ఉంది. చదువుకునే వీసాకి యూనివర్సిటీ పంపే ఆహ్వాన పత్రం ఉండాలి, మూడు నెలలకు మించి ఉండేవాళ్లకి హెచ్‌ఐవీ పరీక్ష సర్టిఫికెట్ ఉండాలి. మనవాళ్లకి ఇప్పుడు ఈ-వీసా వచ్చింది కదా, త్వరగా దొరుకుతుంది కదా అని ఎవరైనా ఏజెంటు అంటే వినకు. అది టూరిస్టులకీ చుట్టపుచూపుకీ పనికొస్తుంది, చదువుకి పనికిరాదు. సాధారణంగా మొదట 90 రోజుల సింగిల్ ఎంట్రీ వీసా ఇస్తారు, అక్కడ చేరాక యూనివర్సిటీయే పొడిగింపు చేయిస్తుంది. పొడిగించక ముందే సంక్రాంతికి టికెట్ బుక్ చేసేయమని ఇంట్లో తొందరపెట్టకుండా చూసుకో.

పేరు విషయం చాలామంది పట్టించుకోరు, తర్వాత ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. నీ పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడిగా ఉందా, ఖాళీగా ఉందా? సర్టిఫికెట్లలో ఎలా ఉంది? ఇవన్నీ రష్యన్‌లోకి అనువాదం చేయించి నోటరీ పెట్టించాల్సి వస్తుంది. రష్యన్‌లో మన 'హ' లేదు. హారిక అనే అమ్మాయి ఒక కాగితంలో 'ఖారిక', ఇంకో కాగితంలో 'గారిక' అయి కూర్చుంటుంది. వీసాలో పడిన రష్యన్ స్పెల్లింగే అన్ని అనువాదాల్లోనూ ఉండేలా మొదటి రోజే పట్టుబట్టు.

విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ దగ్గర మైగ్రేషన్ కార్డు అని ఒక చిన్న కాగితం ఇస్తారు. దాన్ని పాస్‌పోర్ట్‌తో సమానంగా చూసుకో. హాస్టల్‌కి చేరిన రోజే పాస్‌పోర్ట్, ఆ కార్డు ఇంటర్నేషనల్ విభాగంలో చూపించు. నువ్వు ఫలానా చోట ఉంటున్నావని వాళ్లు ఏడు పనిదినాల్లోగా నమోదు చేయించాలి. 90 రోజులకు మించి ఉండేవాళ్లు వేలిముద్రలు ఇచ్చి, వైద్య పరీక్ష కూడా చేయించుకోవాలని 2021 డిసెంబరు నుంచి నిబంధన ఉంది, వాటి గడువు ఎప్పటిదాకానో అక్కడే అడిగి తెలుసుకో. ఇవి పెద్ద పనులు కావు, గడువు దాటితేనే పెద్దవవుతాయి.

డబ్బు దగ్గర జాగ్రత్తగా చదువు. మన బ్యాంకుల వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు. 2022 మార్చిలో ఆ కంపెనీలు రష్యాలో వ్యాపారం ఆపేశాయి. ఫోన్‌పే, గూగుల్‌పే ఊసే వద్దు. అంటే చేతిలో నోట్లు ఉండాల్సిందే. మిగతా దేశాలకు చాలావరకు 3,000 డాలర్లకు మించి నోట్ల రూపంలో కొననివ్వరు గానీ, రష్యా వెళ్లేవాళ్లకి రిజర్వ్ బ్యాంకు ఆ పరిమితి పెట్టలేదు. ఫారెక్స్ కౌంటర్‌లో కుర్రాడికి ఈ సంగతి తెలియకపోతే మేనేజర్‌ని అడుగు. రష్యాలోకి 10,000 డాలర్లకు మించి తీసుకెళ్తే కస్టమ్స్‌లో రాసివ్వాలి. నీకు అంత అవసరం రాదు. కొత్త నోట్లు తీసుకో, గీతలు, స్టాంపులు ఉన్నవి అక్కడ వద్దంటారు. అంతా ఒకే చోట పెట్టకు. చేరాక అక్కడి బ్యాంకులో ఖాతా తెరిచి 'మీర్' అనే వాళ్ల సొంత కార్డు తీసుకుంటే రోజువారీ ఖర్చులకి ఇబ్బంది ఉండదు.

సిమ్ కూడా దిగిన రోజే చేతికొస్తుందనుకోకు. 2025 జనవరి నుంచి విదేశీయులకి బయోమెట్రిక్ నమోదు, అక్కడి బీమా నంబరు ఉంటేనే ఇస్తున్నారు. కొన్ని రోజులు పడుతుంది. పైగా ఈ మధ్య భద్రత పేరుతో మొబైల్ ఇంటర్నెట్‌ను అప్పుడప్పుడు ఆపేస్తున్నారు. కాబట్టి హాస్టల్ చిరునామా, యూనివర్సిటీ ఫోన్ నంబరు రష్యన్‌లో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకో. ఊరి మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకో.

యుద్ధం సంగతి నువ్వు అడగలేదు. ఇంట్లో అందరి మనసులోనూ అదే ఉండి ఉంటుంది. 2022 ఫిబ్రవరి నుంచి అది నడుస్తూనే ఉంది. డ్రోన్ల వల్ల మాస్కో విమానాశ్రయాలను కొన్ని గంటలు మూసేయడం మామూలైపోయింది. అందుకని కనెక్టింగ్ విమానానికి మధ్యలో ఎక్కువ వ్యవధి ఉండేలా టికెట్ తీసుకో. అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. మంచి జీతం, హెల్పర్ ఉద్యోగం అని చెప్పి మన కుర్రాళ్లను సైన్యంలో చేర్చుకున్న ఘటనలు జరిగాయి. అలాంటి ఆఫర్లకు దూరంగా ఉండమని మన విదేశాంగ శాఖ 2025 సెప్టెంబరులో కూడా హెచ్చరించింది. ఆడపిల్లవి కదా, నాకేంటి అనుకోకు. ఎవరు ఇచ్చినా, ఎంత తొందరపెట్టినా, పూర్తిగా చదివి అర్థం చేసుకోలేని కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఫొటో తీసుకుని, గదికి వెళ్లి, టీచర్‌కి చూపించి రేపు వస్తానను. యూనివర్సిటీ కాగితమైనా సరే. చేరిన వారంలోనే మాస్కోలోని మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకో.

సామాన్ల గురించి. చలికోటు విశాఖలో కొనకు. ఇక్కడ దొరికేవి లంబసింగి చలికి సరిపోతాయి, జనవరిలో సగటునే సున్నాకి ఆరేడు డిగ్రీలు కిందుండే ఊరికి చాలవు. ఆగస్టు చివర్లో దిగుతావు కాబట్టి ఒక స్వెటర్, గాలి ఆపే జాకెట్ చాలు. అక్టోబరులో సీనియర్లతో వెళ్లి కోటు, మంచు మీద జారని బూట్లు కొనుక్కో. గదుల్లో వేడి గొట్టాలుంటాయి, లోపల చలి వేయదు. పలచటి బట్టలు పొరలు పొరలుగా వేసుకునేలా తీసుకెళ్లు. చలి కన్నా చీకటి ఎక్కువ బాధిస్తుంది మనవాళ్లని. డిసెంబరులో పొద్దున తొమ్మిదికి తెల్లారి సాయంత్రం నాలుగుకే పొద్దుగూకుతుంది. ఆ రోజుల్లో బెంగ వస్తుంది. మధ్యాహ్నం వెలుతురు ఉండగా ఒక అరగంట బయట నడువు. టోపీ లేకుండా నడిచావంటే దారిన పోయే మామ్మ ఆగి మరీ తిడుతుంది. తిట్టించుకో, మంచి వినికిడి సాధన.

మసాలా పొడులు కట్టించేటప్పుడు ఒక్కటి చూసుకో. దుబాయ్ మీదుగా వెళ్తుంటే గసగసాలు వేసిన పొడి పెట్టకండి, యూఏఈలో అవి నిషేధం. ఎండు కొబ్బరి విమానంలో ఒప్పుకోరు. కోడీన్ ఉన్న దగ్గు మందు, గట్టి నొప్పి మాత్రలు వేసుకోకు. వాడాల్సిన మందులుంటే డాక్టర్ చీటీ, దాని రష్యన్ అనువాదం తోడుగా ఉంచు. తిండికి భయం లేదు. బియ్యం, ఎర్ర పప్పు, క్యాబేజీ, బంగాళదుంప ప్రతి షాపులో ఉంటాయి. 'గ్రేచ్క' అని ఒక గింజ వండుతారు, దాని వాసన మొదట్లో నచ్చదు, నెల తిరిగేసరికి అలవాటవుతుంది. మాంసం తిననివాళ్లకి ఒక ఉపాయం ఉంది. 'పోస్నయే' ఏముందని అడగాలి. చర్చి ఉపవాసాల రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు లేకుండా వండే వంటలవి, చాలా హోటళ్లలో దొరుకుతాయి.

హాస్టల్‌ను అక్కడి పిల్లలు 'అబ్షాగ' అంటారు. గదిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు, అంతస్తుకో వంటగది. ఇక్కడే నువ్వు ఒక గట్టి నిర్ణయం తీసుకోవాలి. గది ఇచ్చేటప్పుడు తెలుగు అమ్మాయితో వేయమని అడక్కు. ఇంగ్లీషు రాని అమ్మాయితో వేయమని అడుగు. వియత్నాం, చైనా, లాటిన్ అమెరికా, ఎవరైనా సరే. మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉండే భాష వచ్చీరాని రష్యన్ ఒక్కటే కావాలి. కిటికీ వేయనా, లైటు ఆర్పనా, నా గిన్నె ఎవరు తీశారు అన్న తగువులన్నీ అందులోనే పడాలి. మొదటి రెండు వారాలు పిచ్చెక్కినట్టుంటుంది, గది మార్చుకుందామనిపిస్తుంది. మార్చుకోకు. తెలుగు పిల్లలతో ఆదివారం కలిసి వండుకోండి, పండగలు చేసుకోండి, నేను కాదనను. గది మాత్రం వేరుగా ఉండాలి.

గుమ్మం దగ్గర కాపలా కూర్చునే పెద్దావిడ ఉంటుంది. కఠినంగా కనిపిస్తుంది. అక్కడ పరిచయం లేనివాళ్లని చూసి నవ్వడం అలవాటు లేదు, కోపమనుకోకు. రోజూ 'మీరు' అని పలకరించు. వాతావరణం గురించి ఒక మాట, ఆరోగ్యం గురించి ఒక మాట మాట్లాడు. నీకు దొరికే అతి ఓపికైన టీచర్ ఆవిడే కావచ్చు. క్లాసులో టీచర్‌ని మేడమ్ అనరు. పేరుకి తండ్రి పేరు కలిపి పిలుస్తారు, ఇరీనా పెత్రోవ్నా అన్నట్టు. మొదటి రోజే ఆ రెండూ రాసుకుని నోటికి తెచ్చుకో.

చివరికి అమ్మ. మాస్కో మనకన్నా రెండున్నర గంటలు వెనక. మన రాత్రి తొమ్మిదిన్నర వాళ్లకి ఏడు. ఆ టైమ్ ఒకటి ఖాయం చేసుకో, రోజూ పది నిమిషాలు, ఆదివారం ఎంతసేపైనా. 2025 ఆగస్టులో అక్కడ వాట్సాప్ కాల్స్‌ని కట్టడి చేశారు, ఆంక్షలు ఆ తర్వాత పెరుగుతున్నాయే తప్ప తగ్గట్లేదు. నువ్వు బయల్దేరేనాటికి ఏవి పనిచేస్తున్నాయో సీనియర్లను అడిగి, రెండు మార్గాలు అమ్మ ఫోన్‌లో నువ్వే పెట్టి, వాడడం నేర్పించు. ఈమెయిల్ కూడా. ఫోన్ కలవకపోతే ఏదో అయిపోయిందని అనుకోవద్దని ఇప్పుడే చెప్పు. సిమ్ రావడానికే రోజులు పడుతుందని, నువ్వు హాస్టల్ వైఫై నుంచి కబురు పెడతావని చెప్పు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ విభాగం నంబరు, రాయబార కార్యాలయం నంబరు ఫ్రిజ్ మీద అంటించు. అత్యవసర నంబరు అక్కడ కూడా 112 అని తెలిస్తే ఆవిడకి కాస్త ధైర్యం. ఆవిడ్ని ఒప్పించే మాటలు నా దగ్గర లేవు. ఈ వివరాలన్నీ నీ నోటి నుంచి తడబడకుండా వస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఆవకాయ రెండు కిలోలు చాలని కూడా ఇప్పటి నుంచే చెప్పడం మొదలుపెట్టు. చెకిన్ సామానులోనే పెట్టాలి, డబ్బాకి రెండు కవర్లు చుట్టి టేపు వేయాలి. ఆగస్టులో చెబుతానంటే ఐదు కిలోలు సిద్ధమైపోతాయి.